తిమింగలాల ఊళ్లో... ఒడ్డున మిగిలిన ఆడవాళ్లు

తిమింగలం అనగానే మనకు గుర్తొచ్చేది చిన్నప్పటి పాఠ్యపుస్తకంలోని బొమ్మే. నెత్తి మీద నుంచి నీళ్లు చిమ్ముకుంటూ ఈదే కొండంత ప్రాణి! ఆ ప్రాణిని వేటాడి, దాని కొవ్వు కాచి, ఆ నూనెతో దీపాలు పెట్టుకున్న రోజులున్నాయంటే నమ్ముతారా? కిరోసిన్ రాకముందు అమెరికాలోనూ, యూరప్‌లోనూ ఇళ్లల్లో, వీధుల్లో, లైట్‌హౌసుల్లో వెలిగింది ఈ నూనే. ఆ వేట ఓడలకు పుట్టినిల్లులాంటి ఊరు అమెరికా తూర్పు తీరంలోని న్యూ బెడ్‌ఫోర్డ్. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉంది. 'ప్రపంచానికి వెలుగిచ్చిన ఊరు' అని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు అక్కడివాళ్లు.

ఒకరోజు విహారయాత్రకని వెళ్లి ఆ ఊరు చూసొచ్చాను. వేటగాళ్ల సాహసాల గురించి చెప్పడానికి అక్కడ పెద్ద మ్యూజియమే ఉంది. కానీ రోజంతా తిరిగాక నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఒడ్డున ఉండిపోయిన ఆడవాళ్ల కథ. అదే మీతో పంచుకోవాలనిపించింది.

బస్సు నిండా పిల్లలే!

మా అమ్మాయి బోస్టన్ దగ్గర ఓ యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతోంది. కొన్నాళ్లు తనతో గడుపుదామని వెళ్లాను. అక్కడి విదేశీ విద్యార్థుల సంఘం వాళ్లు న్యూ బెడ్‌ఫోర్డ్‌కి బస్సు వేస్తే, రెండు సీట్లు మిగిలాయట. "ఆంటీని కూడా తీసుకురా" అన్నారట స్నేహితులు. ఇంకేం, తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి డబ్బాల్లో సర్దేశాను. మన పిల్లల సంగతి తెలుసుగా... ఎక్కడికెళ్లినా పులిహోర ఉంటే చాలు, అదే వాళ్లకు పండగ.

బస్సులో నలభై మంది దాకా ఉన్నాం. తెలుగు పిల్లలు పదిమంది. మిగతావాళ్లు చైనా, బ్రెజిల్, నైజీరియా, ఇంకా ఏవేవో దేశాల వాళ్లు. గంటన్నరలో ఊరు చేరేశాం. జూన్ నెలైనా సముద్రం మీద నుంచి వచ్చే గాలి చల్లగా తగిలింది. శాలువా పట్టుకెళ్లడం మంచిదైంది.

ఓడరేవుకి ఎగువన ఉన్న పాత వీధులన్నీ గుండ్రాళ్లు పరిచినవే. నడుస్తుంటే చెప్పు మడత పడుతుంది. ఆ వీధులనీ, పాత భవనాలనీ కలిపి 1996లో జాతీయ చారిత్రక పార్కుగా ప్రకటించారు. పార్కంటే చెట్లూ పూలూ అనుకునేరు, ఊరి నడిబొడ్డునే అలా కాపాడుతున్నారన్నమాట. 1857లో ఈ ఒక్క రేవులోనే 329 వేట ఓడలుండేవట. వాటి మీద పదివేల మంది పనిచేసేవాళ్లు. నూనె డబ్బుతో ఆ రోజుల్లో అమెరికాలోనే బాగా కలిగిన ఊళ్లలో ఒకటైపోయింది. ఓడ యజమానుల భవంతులు ఇప్పటికీ కొండవాలు మీద దర్జాగా నిలబడి ఉన్నాయి.

ఎముకల్లోంచి ఇంకా ఊరుతున్న నూనె

జానీ కేక్ హిల్ అనే చిన్న మెరక మీద ఉంది వేల్ మ్యూజియం. లోపలికి అడుగు పెట్టి తలెత్తితే, పైకప్పు నుంచి వేలాడుతున్న తిమింగలాల అస్థిపంజరాలు! పిల్లలంతా ఒక్కసారిగా సెల్‌ఫోన్లు పైకెత్తారు.

అందులో అన్నిటికన్నా పెద్దది నీలి తిమింగలం. 66 అడుగుల పొడవు. అదీ ఇంకా ఎదగాల్సిన పిల్లేనట! 1998లో ఓ ట్యాంకరు ఓడ తగిలి చనిపోయింది. ఎముకలు శుభ్రం చేసి, 2000 సంవత్సరంలో ఇక్కడ వేలాడదీశారు. ఇన్నేళ్లయినా ఆ ఎముకల్లోంచి నూనె కారుతూనే ఉంది. అది పడటానికి చిన్న సీసా ఒకటి అమర్చారు. దగ్గరికెళ్లి చూస్తే అడుగున తేనెరంగు నూనె. "ఈ నూనె కోసమేనా ఇంత కథ!" అన్నాడు అమలాపురం అబ్బాయి.

పక్కనే ఇంకో అస్థిపంజరం. దాన్ని చూసి నా కాళ్లు కదల్లేదు. రైట్ వేల్ అనే జాతి ఆడ తిమింగలం అది. రేనా అని పేరు పెట్టారు, అంటే రాణి అని అర్థం. 2004లో వర్జీనియా తీరం దగ్గర ఓడ తగిలి చనిపోయింది. అప్పటికి పది నెలల కడుపుతో ఉంది. కడుపులోని బిడ్డ అస్థిపంజరాన్ని కూడా తల్లి ఎముకల దగ్గరే పెట్టారు. ఆ చిన్న పక్కటెముకలు చూస్తే ఏ తల్లికైనా గుండె కలుక్కుమంటుంది. మాటలతో హోరెత్తిస్తున్న పిల్లలు కూడా అక్కడ గొంతు తగ్గించేశారు.

రైట్ వేల్ అంటే 'సరైన తిమింగలం' అని. నెమ్మదిగా ఈదుతుంది, ఒడ్డుకు దగ్గరగా వస్తుంది, చచ్చాక నీళ్లపై తేలుతుంది. వేటకు అన్నివిధాలా 'సరైనది' కాబట్టి ఆ పేరొచ్చిందని చెబుతారు. పాపం, ఆ పేరే దాని పాలిట శాపమైంది. అట్లాంటిక్ ఉత్తర భాగంలో ఈ జాతి ఇప్పుడు 400 కన్నా తక్కువే మిగిలింది. వేట ఆగినా ఓడలు తగలడం, చేపల వలల తాళ్లకు చిక్కుకోవడం వల్ల చనిపోతూనే ఉన్నాయి.

నాలుగేళ్లకో ఉత్తరం

తర్వాతి హాల్లో ఏకంగా ఓడే ఉంది! లగోడా అనే వేట ఓడకు సరిగ్గా సగం సైజు నమూనా. 89 అడుగుల పొడవు, తెరచాపలతో సహా. ఎక్కి తిరగొచ్చు. దీన్ని 1916 నాటికి కట్టించిందెవరో తెలుసా? ఎమిలీ బోర్న్ అనే ఆవిడ. వేట ఓడల యజమాని అయిన తన తండ్రి జ్ఞాపకార్థం ఆ భవనాన్నీ, ఓడనూ మ్యూజియానికి ఇచ్చింది.

ఓడ మీద మాకు అంతా వివరించింది తెల్లజుట్టు పెద్దావిడ ఒకరు. వాలంటీరు గైడట. ఒక్కో ఓడలో ముప్ఫై మంది పైచిలుకు ఉంటారు. తిమింగలం కనబడగానే చిన్న పడవలు దించుతారు. పడవకి ఆరుగురు. బల్లెం గుచ్చుకున్న తిమింగలం పడవను ఈడ్చుకుంటూ పరుగెత్తుతుంది. తాడు కాలికి చుట్టుకుందా, మనిషి గల్లంతే. చంపాక ఓడ పక్కకు తెచ్చి కొవ్వు కోసి, ఓడ మీదే ఇటుకల పొయ్యిలు పెట్టి పెద్ద పెద్ద కాగుల్లో కాస్తారు. ఆ మసి, ఆ కంపు గురించి ఆవిడ చెబుతుంటే మాకే వికారం పుట్టింది.

"ఎన్నాళ్లుంటారు సముద్రం మీద?" అని అడిగింది కరీంనగర్ అమ్మాయి.

"మూడేళ్లు. నాలుగేళ్లు. పీపాలన్నీ నిండేదాకా" అన్నారావిడ.

దగ్గరి సముద్రాల్లో తిమింగలాలు తగ్గిపోయిన కొద్దీ ఓడలు పసిఫిక్ దాకా, ఆర్కిటిక్ మంచు దాకా వెళ్లాల్సి వచ్చింది. పోనీ జీతమైనా నెలనెలా వస్తుందా అంటే అదీ లేదు. అంతా వాటాల పద్ధతి. ఓడ తిరిగొచ్చి నూనె అమ్మాకే ఎవరి వాటా వాళ్లకు. కొత్తగా చేరిన కుర్రాడికి వచ్చేది నూటెనభయ్యో వంతో, రెండొందలో వంతో. అందులోంచి ఓడ మీద కొనుక్కున్న బట్టలూ, పొగాకూ ఖర్చు పట్టుకుంటారు. నాలుగేళ్లు కష్టపడి చివరికి అప్పుతో దిగినవాళ్లూ ఉన్నారట!

మరి ఇంటి దగ్గర పెళ్లాం బిడ్డలు ఏం తినాలి? ఓడ ఏజెంటు దగ్గరికెళ్లి, భర్త వాటాలోంచి ముందుగా కొంత ఇమ్మని అడగాలి. అతను ఇస్తే తీసుకోవాలి. ఇంటద్దె, పిల్లల చదువు, రోగాలూ రొష్టులూ అన్నీ ఆమె నెత్తిమీదే. కుట్టుపనులు చేసి, అద్దెకు మనుషుల్ని పెట్టుకుని, చిన్న దుకాణాలు నడుపుకొని నెట్టుకొచ్చేవాళ్లు చాలామంది. భర్త వెళ్లేనాటికి కడుపులో ఉన్న బిడ్డ, ఆయన తిరిగొచ్చేసరికి పరుగులు పెడుతూ ఎదురొస్తుంది. తండ్రిని చూసి కొత్తవాడనుకుని తల్లి వెనక దాక్కుంటుంది.

ఉత్తరాల సంగతి వింటే ఇంకా ఆశ్చర్యం. ఓడ ఏ సముద్రంలో ఉందో ఇంట్లోవాళ్లకు తెలీదు. అటు వెళ్లే ఇంకో ఓడకి ఉత్తరం ఇచ్చి పంపాలి. అది ఎక్కడైనా ఎదురుపడితే అందుతుంది. లేకపోతే లేదు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి తిరిగి చేరేవి. ఇక్కడి పిల్లలేమో అమ్మ వాట్సాప్‌లో 'తిన్నావా' అని రెండుసార్లు అడిగితే విసుక్కుంటారు!

మోబీ డిక్ నవల పేరు మీరు వినే ఉంటారు. ఈ రేవు నుంచే 1841లో వేట ఓడెక్కి వెళ్లిన హెర్మన్ మెల్విల్ దాన్ని 1851లో రాశారు. పగతో రగిలిపోయే కెప్టెన్ అహాబ్ అందులో నాయకుడు. ఆయనకు ఇంటి దగ్గర ఓ భార్య, చిన్న కొడుకు ఉంటారు. అంత పెద్ద నవలలోనూ ఆమెకు పేరు లేదు! చరిత్రకారిణి లీసా నార్లింగ్ ఇలాంటి భార్యల జీవితాలను తవ్వితీసి 2000 సంవత్సరంలో పుస్తకంగా తెచ్చారు. దానికి ఆవిడ పెట్టిన పేరేంటో తెలుసా? 'కెప్టెన్ అహాబ్ హాడ్ ఎ వైఫ్'. కెప్టెన్ అహాబ్‌కి ఓ భార్య ఉండేది అని!

అందరూ ఇంటి దగ్గరే ఉండిపోలేదు లెండి. కెప్టెన్ల భార్యలు కొందరు పట్టుబట్టి ఓడెక్కారు. మేరీ లారెన్స్ అనే ఆవిడ 1856లో ఐదేళ్ల కూతురు మిన్నీని వెంటబెట్టుకుని ఆడిసన్ అనే ఓడలో భర్తతో వెళ్లింది. 1860 దాకా ఆ ఓడే వాళ్లిల్లు. చుట్టూ అంతా మగాళ్లు, తుపాన్లు, నెత్తురు, మసి. ఆ మధ్యనే కూతురికి చదువు చెప్పుకుంది, రోజువారీ సంగతులన్నీ రాసి పెట్టుకుంది. ఆ డైరీ ఇవాళ పుస్తకంగా దొరుకుతోంది.

సన్నని నడుము వెనుక...

మ్యూజియంలో ఆడవాళ్లమంతా ఎక్కువసేపు ఆగిపోయిన చోటు ఇంకొకటుంది. అద్దాల బీరువాలో కార్సెట్లు! నడుము సన్నగా కనిపించాలని ఆనాటి తెల్లదొరసానులు గౌను లోపల బిగించి కట్టుకునే జాకెట్టు లాంటిదన్నమాట. అది వంగకుండా నిలబడాలంటే లోపల బద్దలుండాలి కదా. ఆ బద్దలు వచ్చేది తిమింగలం నోట్లోంచి.

కొన్ని జాతుల తిమింగలాలకు పళ్లుండవు. పైదవడ నుంచి దువ్వెన పళ్లలా పొడవాటి పలకలు వేలాడుతుంటాయి. నోరారా నీళ్లు తీసుకుని, ఆ పలకల మధ్య నుంచి వదిలేస్తే చిన్న చిన్న జీవాలు లోపల మిగిలిపోతాయి. అచ్చం మనం జల్లెడ పట్టినట్టే. ఆ పలకల్ని బలీన్ అంటారు. మన గోళ్లలో, వెంట్రుకల్లో ఉండే పదార్థమే అది. వేడి చేస్తే వంగుతుంది, చల్లారాక ఆ ఆకారంలోనే ఉండిపోతుంది. కార్సెట్లకూ, గొడుగు చువ్వలకూ, గుర్రబ్బండి కొరడాలకూ అప్పట్లో ప్లాస్టిక్ లాంటిది ఇదే.

1859లో పెన్సిల్వేనియాలో పెట్రోలియం బావి పడ్డాక దీపాలకు కిరోసిన్ వచ్చేసింది. తిమింగలం నూనెకు గిరాకీ పడిపోయింది. అయినా వేట ఆగలేదే! ఎందుకంటే ఫ్యాషన్ ఆగలేదు. బలీన్ ధర పెరుగుతూ పోయింది. దాని కోసమే ఓడలు ఆర్కిటిక్ మంచులోకి చొచ్చుకుపోయాయి. 1871లో అలా వెళ్లిన 33 ఓడలు మంచులో ఇరుక్కుపోతే, 1,219 మంది వాటిని వదిలేసి చిన్న పడవల్లో బయటపడ్డారు. వాళ్లల్లో కెప్టెన్ల భార్యలూ, పిల్లలూ ఉన్నారు. అదృష్టవశాత్తూ ఒక్క ప్రాణమూ పోలేదు. చివరికి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్యాషన్ మారి, బద్దల స్థానంలో ఉక్కు వచ్చాకే బలీన్‌కు కాలం చెల్లింది.

ఊపిరాడకుండా బిగించుకున్న ఆడవాళ్లు ఒకవైపు, ఆ బిగింపు కోసం ప్రాణాలు తీసిన వేట ఇంకోవైపు. నాజూకుగా కనబడాలని ఎవరు చెప్పారో, ఎవరి కోసం చెప్పారో గానీ మూల్యం మాత్రం చాలామందే చెల్లించారు.

కజ్జికాయల చక్రం చూశారా!

ఇంకో గదిలో నా కళ్లు మెరిశాయి. కజ్జికాయల అంచులు కత్తిరించే చక్రం! అచ్చం మన వంటింట్లో ఉండేలాంటిదే. కాకపోతే తిమింగలం దంతంతోనూ, ఎముకతోనూ చేసింది. అక్కడివాళ్లు పిండితో చేసే 'పై'ల అంచుల్ని దీంతో నొక్కి కత్తిరిస్తారు. ఒకటి కాదు, పదుల కొద్దీ ఉన్నాయి. కొన్నిటికి పిడి పక్షి ఆకారంలో, కొన్నిటికి చెయ్యి ఆకారంలో.

తిమింగలాలు కనబడని రోజుల్లో నావికులకు పనుండేది కాదు. నెలలకు నెలలు ఖాళీ. అప్పుడు దంతాల మీద సూదితో గీతలు గీసి, మసి దిద్ది బొమ్మలు వేసేవాళ్లు. ఈ కళను స్క్రిమ్‌షా అంటారు. ఇంటి దగ్గరున్న ఆమె కోసం వంటింటి చక్రాలూ, గొడుగులా విచ్చుకునే నూలు చుట్టే చట్రాలూ చెక్కేవాళ్లు. కార్సెట్ ముందు భాగంలో నిలువుగా దోపుకునే బద్ద మీద ఓడ బొమ్మా, ఇల్లూ, హృదయాలూ గీసి ఇచ్చేవాళ్లు. గుండెకు ఆనుకుని ఉండే బద్ద కదా మరి!

చదువు పెద్దగా రాని కుర్రాళ్లు, మాటల్లో చెప్పలేని బెంగంతా ఇలా చెక్కుకున్నారనిపించింది. వాటిని అందుకునేదాకా ఆమె ఉందో, చెక్కినవాడు తిరిగొచ్చాడో! బీరువాలోని వస్తువులు ఆ సంగతి చెప్పవు.

గోడల నిండా పేర్లు

మధ్యాహ్నం రేవు దగ్గర బల్లల మీద కూర్చుని పులిహోర తిన్నాం. బ్రెజిల్ అమ్మాయి రెండుసార్లు వడ్డించుకుంది. ఆ అమ్మాయికి ఈ ఊళ్లో భాష సమస్యే లేదు. వేట ఓడలు దారిలో అజోర్స్, కేప్ వర్డి దీవుల్లో ఆగి మనుషుల్ని ఎక్కించుకునేవి. అలా వచ్చి స్థిరపడిన పోర్చుగీసు మాట్లాడే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. బేకరీల్లో తియ్యటి పోర్చుగీసు రొట్టె దొరుకుతుంది.

భోజనాలయ్యాక మ్యూజియం ఎదురుగా ఉన్న సీమెన్స్ బెథెల్‌కి వెళ్లాం. నావికుల కోసం 1832లో కట్టిన చిన్న ప్రార్థనామందిరం. సముద్రానికి వెళ్లేముందు ఇక్కడికొచ్చి మొక్కుకునేవాళ్లట. మోబీ డిక్‌లో కూడా ఈ గుడి వస్తుంది. నవలలో ప్రసంగవేదిక ఓడ ముందుభాగంలా ఉంటుంది. 1956లో సినిమా వచ్చాక, వచ్చినవాళ్లంతా 'అదేదీ' అని అడుగుతుంటే, 1961లో నిజంగానే అలాంటి వేదిక కట్టించేశారు!

ఆ సరదా అంతా గోడల వైపు చూసేదాకే. గోడల నిండా పాలరాతి ఫలకాలు. సముద్రంలో పోయినవాళ్ల పేర్లు, వయసు, ఓడ పేరు, ఏ సముద్రంలో పోయారో అన్నీ చెక్కి ఉన్నాయి. ఇరవై నిండని కుర్రాళ్లు కూడా ఉన్నారు. శరీరం దొరకదు కాబట్టి సమాధి ఉండదు. తల్లికీ, భార్యకీ వెళ్లి ఏడవడానికి ఆ రాయి ఒక్కటే చోటు. వేట కాలం ముగిశాక చేపల పడవల్లో వెళ్లి తిరిగిరాని వాళ్ల పేర్లు కూడా ఆ గోడల మీదకు చేరాయి.

అందరూ బయటికొచ్చినా కరీంనగర్ అమ్మాయి ఓ బల్ల మీద అలాగే కూర్చుండిపోయింది. నేనెళ్లి పక్కన కూర్చున్నా.

"మా నాయిన దుబాయిల ఉంటడు ఆంటీ. నాకు రెండేండ్లున్నప్పుడు పోయిండు. రెండు మూడేండ్లకోసారి వస్తడు. ఫస్టుసారి వచ్చినప్పుడు 'ఈయనెవరే' అని అమ్మనడిగిన్నట. అమ్మ ఇప్పటికీ అది చెప్పి నవ్వుతది. నవ్వుతనే కండ్లు తుడుచుకుంటది" అంది. కాసేపాగి, "ఇప్పుడు నేనూ ఇటొచ్చిన. మా అమ్మ ఇద్దరి కోసం చూస్తున్నది" అంది.

ఏం చెప్పను? నా కూతురు కూడా అక్కడే ఉంది మరి. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నా, అంతే.

ఎదురుచూపు మనకు మాత్రం కొత్తా? గల్ఫ్‌కి పంపిన ఇల్లాళ్లు తెలంగాణ పల్లెల్లో, కడపలో, కోనసీమలో ఎంతమంది లేరు! మన శ్రీకాకుళం జాలర్లు బతుకుతెరువు కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి పరాయి పడవల్లో చేపలు పడతారు. 2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర జాలర్లు పాకిస్తాన్ వాళ్లకు చిక్కారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి వచ్చేదాకా, పద్నాలుగు నెలలు ఆ ఇళ్లల్లో పొయ్యి ఎలా వెలిగిందో ఆ ఆడవాళ్లకే తెలుసు. వాళ్లు ఇళ్లల్లో కూర్చుని ఏడుస్తూ ఉండిపోలేదు. మావాళ్లను విడిపించండంటూ నాయకుల చుట్టూ తిరిగారు.

పాలీ ఇంటి తలుపు తడితే...

సాయంత్రం ఓ మామూలు చెక్క ఇల్లు చూపించారు. నేథన్, పాలీ జాన్సన్ అనే నల్లజాతి దంపతులది. పాలీ మిఠాయిలు చేసి అమ్మేది. విందులకు వంటలు చేసిపెట్టేది. ఊళ్లో మంచి పేరు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు ఆ ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది.

1838 సెప్టెంబరులో అలా వచ్చి తలుపు తట్టిన కొత్త దంపతులు ఫ్రెడరిక్, అన్నా. తర్వాత్తర్వాత బానిసత్వానికి వ్యతిరేకంగా అమెరికానంతా కదిలించిన ఫ్రెడరిక్ డగ్లస్ ఈయనే. డగ్లస్ అనే ఇంటిపేరు పెట్టుకున్నది కూడా ఈ ఇంట్లోనే, నేథన్ సలహాతో. ఆయన నావికుడి వేషంలో తప్పించుకుని వచ్చాడని చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. దారిఖర్చులకు ఇళ్లల్లో పనిచేసి కూడబెట్టుకున్న డబ్బు ఇచ్చిందీ, ఆ ప్రయాణానికి వెనక నిలబడిందీ అన్నా అని మాత్రం అందరికీ తెలీదు.

ఈ ఊరి ఆడవాళ్లలో ఇంకొకరి గురించి చెప్పకపోతే అన్యాయం. హెట్టీ గ్రీన్. 1834లో ఇక్కడే, వేట ఓడల యజమానుల కుటుంబంలో పుట్టింది. చిన్నప్పుడే తాతకు పేపర్లో వ్యాపార వార్తలు చదివి వినిపించేదట. వారసత్వంగా వచ్చిన తిమింగలాల సొమ్మును షేర్లలో, బాండ్లలో పెట్టి పదింతలు కాదు, ఇంకా ఎక్కువే చేసింది. 1916లో చనిపోయేనాటికి ఆమె ఆస్తి దాదాపు పది కోట్ల డాలర్లు! నల్ల గౌను కట్టుకుని పొదుపుగా బతికిందని 'వాల్ స్ట్రీట్ మంత్రగత్తె' అని పేరు పెట్టారు. అదే మగవాడైతే 'దిట్ట' అని మెచ్చుకునేవాళ్లు కాదూ!

వేట ఆగింది... ఊరు బతికింది

1920ల నాటికి న్యూ బెడ్‌ఫోర్డ్ వేట ఓడల కథ ముగిసింది. 1972లో అమెరికా సముద్రపు క్షీరదాలను కాపాడే చట్టం తెచ్చింది. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిందీ అదే ఏడాది. మన పేపర్లలో అప్పుడప్పుడూ 'తిమింగలం వాంతి పట్టివేత' అని వార్తలు చూస్తుంటారుగా, అది అమ్మడం నేరమైంది ఆ చట్టం వల్లే. వ్యాపారం కోసం తిమింగలాలను చంపడం మీద అంతర్జాతీయ నిషేధం 1986 నుంచి అమల్లో ఉంది. అయినా జపాన్, నార్వే, ఐస్‌లాండ్ లాంటి కొన్ని దేశాలు దానికి కట్టుబడలేదు.

న్యూ బెడ్‌ఫోర్డ్ ఇప్పుడు స్కాలప్ అనే ఆల్చిప్పల జాతికి పేరు. అమెరికాలో చేపల రాబడి విలువలో ఏళ్ల తరబడి ముందు వరుసలో ఉంటున్న రేవు ఇది. మేం రేవులో నడుస్తుండగానే ఓ పడవ బయల్దేరింది. గట్టు మీద ఓ చిన్నపిల్లను ఎత్తుకుని ఒకామె చెయ్యి ఊపింది. ఇప్పుడు నాలుగేళ్లు పట్టదు, వారం పది రోజుల్లో వచ్చేస్తారు. చేతిలో ఫోనుంటుంది. సముద్రం మాత్రం అదే.

ఈ ఊరి లైబ్రరీ ముందు బల్లెం ఎత్తి నిలబడిన వేటగాడి విగ్రహం ఉంది. 1913లో పెట్టారు. ఇదే రాష్ట్రంలో గ్లాస్టర్ అనే ఇంకో రేవులో జాలరి విగ్రహం 1925లో వెలిసింది. అక్కడి జాలర్ల భార్యలు పూనుకుని డబ్బు పోగుచేస్తే, 2001లో సముద్రం వైపు చూస్తూ ఇద్దరు పిల్లలతో నిలబడిన తల్లి విగ్రహం వచ్చింది. అంటే జాలరి పక్కన అతని ఇల్లాలికి చోటు దొరకడానికి 76 ఏళ్లు పట్టిందన్నమాట! న్యూ బెడ్‌ఫోర్డ్ మ్యూజియం వాళ్లు కూడా 'లైటింగ్ ది వే' పేరుతో ఈ ప్రాంతపు మహిళల కథలను వెలికితీసే పని పెట్టుకున్నారు.

మన ఊళ్లల్లో అలా ఏళ్లకేళ్లు ఒంటరిగా ఇల్లు నడిపిన అమ్మమ్మలూ, అత్తయ్యలూ ఎందరో ఉన్నారు. విగ్రహాలు పెట్టకపోయినా ఫర్వాలేదు. ఓ పూట పక్కన కూర్చుని వాళ్ల కథ అడిగి, ఓ నోటు పుస్తకంలో రాసి పెట్టండి. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే అడగాలి మరి.

వెళ్లాలనుకుంటే...

* పిల్లల దగ్గరికి బోస్టన్ వెళ్లినవాళ్లు ఒక్కరోజులో చూసి రావొచ్చు. పొద్దున్నే బయల్దేరడం మంచిది.

* ముందు పార్కు విజిటర్ సెంటర్‌కి వెళ్లండి. ప్రవేశం ఉచితం. ఊరి మ్యాపు ఇస్తారు. మ్యూజియానికి మాత్రం టికెట్ ఉంది.

* మ్యూజియం, ప్రార్థనామందిరం, రేవు అన్నీ నడిచి తిరిగేంత దూరంలోనే ఉన్నాయి. గుండ్రాళ్ల వీధులు కాబట్టి ఎత్తు చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి.

* నీలి తిమింగలం గుండె నమూనా ఉంది. నిజమైన గుండె అంత పెద్దది. పిల్లలు అందులోంచి పాక్కుంటూ అటు నుంచి ఇటు రావొచ్చు.

* ఎండాకాలంలోనైనా సముద్రపు గాలి చల్లగా ఉంటుంది. ఓ శాలువా, శాకాహారులైతే ఓ డబ్బా పులిహోర దగ్గరుంచుకుంటే నిశ్చింత!